బొట్టు పెట్టిన చోటు

మా ఆవిడ గొంతు బెజవాడ వన్‌టౌన్‌లో సగం మందికి తెలుసు. మా చీరల కొట్టు మేడ మీద. మెట్లెక్కేవాళ్ళకి చీరల కంటే ముందు ఆ గొంతు వినపడేది. "రండమ్మా రండి, చూసినంత మాత్రాన కొనాలనేం లేదు, కాసేపు ఫ్యాను కింద కూర్చుని వెళ్ళండి" అనేది. ఫ్యాను కోసం వచ్చినవాళ్ళు చేతిలో సంచీతో దిగేవాళ్ళు. నేను గోడవారగా కూర్చుని, తను విప్పిపడేసిన చీరలు మడతపెట్టేవాణ్ణి. ఎవరైనా నావైపు తిరిగి "ఈ రంగు పోతుందా బాబాయిగారూ?" అని అడిగితే "పోతుందనుకుంటే కొనకండి" అనేవాణ్ణి. "ఆయన్నడక్కండమ్మా. ఆయన అమ్మడానికి కూర్చోలేదు, కాపలాకి కూర్చున్నారు" అనేది తను. కొట్టంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

కోపం నాకు పుట్టుకతో వచ్చింది. మా నాన్నకీ అంతే. ఆయన పెడనలో గుంటమగ్గం మీద నేసేవాడు. పోగు తెగితే పోగుని తిట్టేవాడు, వాన పడితే వానని తిట్టేవాడు. నేను నేత వదిలేసి బెజవాడ వచ్చి అమ్మకంలో పడ్డాను కానీ ఆ కోపాన్ని మాత్రం మూటగట్టుకుని తెచ్చుకున్నాను. "మీ ముక్కు మీద వాలిన ఈగకి కాళ్ళు కాలతాయండీ పాపం" అనేది మా ఆవిడ. ముప్ఫై ఏళ్ళపాటు నా కోపాన్ని అలా మాటలతోనే దింపుకుంటూ వచ్చింది. నేను ఒకటంటే తను రెండనేది, మూడోదానికి నాకే నవ్వొచ్చేది.

మూడేళ్ళ కిందట ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల పాలు, కరక్కాయ, ఆవిరి, అన్నీ అయ్యాయి. చివరికి గడ్డ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తేగాని మనిషి దక్కదన్నారు. ఆపరేషన్ రోజు పొద్దున్న లోపలికి తీసుకెళ్ళబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఇదే ఆఖరు. ఏం మాట్లాడమంటారో చెప్పండి, మాట్లాడతాను" అంది, ఆ బొంగురు గొంతుతోనే నవ్వుతూ.

భయం వేసినప్పుడు కూడా నాకు వచ్చేది కోపమే.

"పిచ్చి వాగుడు వాగకుండా వెళ్ళు" అన్నాను.

"సరే లెండి. కొట్టు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను."

తన సొంత గొంతుతో నేను విన్న చివరి మాట అదే. ఇంకేమైనా అడిగి ఉండొచ్చు కదా అని ఇప్పుడు అనుకుంటాను. పేరు పెట్టి పిలవమని అడిగి ఉండొచ్చు. ఇన్నేళ్ళలో తను నన్ను ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు.

ఆపరేషన్ తర్వాత మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. దాని మీద కప్పుకోవడానికి పెడన నూలు ముక్కలతో తనే చిన్న చిన్న గుడ్డలు కుట్టుకుంది. చీర రంగుకి గుడ్డ రంగు కుదరాలి, అదొక పట్టుదల. మాట బదులు చీటీలు మొదలయ్యాయి. కొట్లో ఆర్డర్లు రాసుకునే చీటీల కట్ట ఎప్పుడూ నడుం దగ్గర దోపుకుని తిరిగేది. చీటీతో ఒక సంగతుంది. ఎదుటివాడు చూస్తేనే అది మాట. నేను కోపంలో మొహం తిప్పుకుంటే తను నా ముందుకొచ్చి నిలబడాలి. నేను మళ్ళీ తిప్పుకుంటే మళ్ళీ చుట్టూ తిరిగి రావాలి. అలా నేను చాలాసార్లు తిప్పుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను.

మా ఒక్కగానొక్క అమ్మాయి హనుమాన్ జంక్షన్‌లో టీచరు. వచ్చి రెండు రోజులుండి వాళ్ళమ్మ నా చుట్టూ తిరగడం చూసింది. తర్వాతి ఆదివారానికి ఒక ట్యాబ్ పట్టుకొచ్చింది. పుస్తకమంత తెర. అందులో తెలుగులో టైపు చేసి పచ్చ బటన్ తాకితే ఒక ఆడగొంతు దాన్ని చదివి వినిపిస్తుంది. రోజూ అనే మాటల్ని ముందే రాసిపెట్టుకుంటే అవి పెద్ద పెద్ద గళ్ళలో కనపడతాయి, ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు. "నీ ఫోన్లో కూడా పెట్టేదా నాన్నా, ఎప్పుడైనా ఇది పనిచెయ్యకపోతే?" అంది. "నా ఫోన్ నిండా చీరల ఫోటోలే, చోటు లేదు పో" అన్నాను. మా ఆవిడ దగ్గరున్నది నొక్కుడు బటన్ల చిన్న ఫోను. దాంట్లో ఇలాంటివి పట్టవు.

ట్యాబ్ ఇంట్లో మొదట పలికిన మాట "ఏవండీ. ఫ్యాను తగ్గించండి." రైలు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో చెప్పే అమ్మాయి గొంతులా ఉంది. హెచ్చూ లేదు, తగ్గూ లేదు. కోపానికీ అదే గొంతు, ముద్దుకీ అదే గొంతు. ఏది ఏదో తెలియాలంటే తల తిప్పి మొహం చూడాల్సిందే. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో చూడనన్నిసార్లు ఆ ఏడాదిన్నరలో నేను మా ఆవిడ మొహం చూశాను.

ఇక తనని పట్టేవాళ్ళు లేరు. వంటింట్లోంచి కేకలు, స్నానాల గది తలుపు బయట కేకలు. కొట్లో మళ్ళీ తెల్ల పరుపు మీద తన చోట్లో కూర్చుంది. గళ్ళలో మొదటిది "రండమ్మా రండి." రెండోది "రంగు పోతే నన్నడగండి." మూడోది "ఆయన్నడక్కండి." ఆ మూడోది ఆ రైలు గొంతులో విని జనం పాత రోజుల కంటే ఎక్కువ నవ్వేవాళ్ళు. నాకు మళ్ళీ ఒళ్ళు మండడం మొదలైంది. ప్రాణం కుదుటపడింది.

తర్వాత దసరా వచ్చింది.

పెడనలో మా నాన్న దసరాకి మగ్గానికి పూజ చేసేవాడు. తడిగంధం అద్ది దాని మీద కుంకుమ పెట్టేవాడు. ఎక్కడపడితే అక్కడ కాదు, పని చేసేటప్పుడు చెయ్యి పడే చోట పెట్టాలి. పోగుని దగ్గరికి కొట్టే పలకకి పిడి దగ్గర, కత్తెరకి వేళ్ళు దూరే చోట. మన వేలూ దేవుడి వేలూ ఒకే చోట పడాలనేవాడు. నేను మగ్గం వదిలేసినా ఆ పద్ధతి వదల్లేదు. కొట్లో కత్తెరకీ గజం బద్దకీ తాళాలకీ అలాగే పెడతాను. ఆ ఏడు ట్యాబ్ కూడా పీట మీదికి ఎక్కింది. అద్దం మీద పెడితే అక్షరాలు కనపడవు. తను రోజూ పొద్దున్నే దాన్ని చేతిలోకి తీసుకుని పక్కనున్న సన్నటి బటన్ నొక్కుతుంది, అప్పుడు అది కళ్ళు తెరుస్తుంది. చెయ్యి పడే చోటు అదే. తడిగంధం బాగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. మా ఆవిడ ఆ రోజు నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

పది రోజులకి ట్యాబ్ తిక్క వేషాలు మొదలుపెట్టింది. "రండమ్మా" అంటుండగానే ఆరిపోయేది. దానంతటదే వెలిగేది. కంపెనీ బొమ్మ వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. ఒక్కోసారి గంటసేపు అదే తంతు. అమ్మాయి ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పేది, నేను చేసేవాణ్ణి.

"చార్జర్ మార్చి చూడు నాన్నా."

"మార్చాను."

"వైరు?"

"అదీ మార్చాను. గోడలో ప్లగ్గు కూడా మార్చాను. ఇంకా ఇల్లు మార్చలేదు."

"బటన్ నొక్కి పట్టుకుని ముప్ఫై లెక్కపెట్టు. వదిలేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ నొక్కు."

ముప్ఫై లెక్కపెట్టేవాణ్ణి. అరవై లెక్కపెట్టేవాణ్ణి. పూర్తిగా చార్జి అయిపోనిచ్చి, మళ్ళీ నిండా ఎక్కించి చూశాను. పైన తొడిగిన అట్ట తీసి చూశాను. పక్క కొట్టాయన బియ్యంలో పెడితే తేమ లాగేస్తుందన్నాడని రెండు రోజులు బియ్యం డబ్బాలో కప్పెట్టాను. ఆ రెండు రోజులూ మా ఆవిడ మళ్ళీ చీటీలే. ఒక చీటీలో "నన్ను కూడా అందులో పెట్టండి, గొంతు వస్తుందేమో" అని రాసి నవ్వింది. భుజాలు కదిలేవి గాని నవ్వుకి చప్పుడు లేదు. నేను నవ్వలేదు. "కింద పడేసి ఉంటావు. నిద్రలో దాని మీద దొర్లి ఉంటావు. ఒక వస్తువు జాగ్రత్తగా ఉంచుకోవడం తెలియదు నీకు" అని చెడామడా తిట్టాను.

ఆఖరికి బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన రేడియోల కాలం నుంచీ ఆ బల్ల దగ్గరే కూర్చున్న మనిషి. రేడియోలు పోయి టేపు రికార్డర్లు, అవి పోయి ఫోన్లు వచ్చాయి, ఆయనా ఆ బల్లా మారలేదు. మా ఆవిడని చూడగానే "రండి చెల్లెమ్మగారూ" అని స్టూలు వేశాడు, ఆ లెక్కన నేను బావగారినయ్యాను. ట్యాబ్ విప్పుతుండగా బయట పోలీసు విజిల్ వేస్తున్నాడని, స్కూటర్ తీసి వేరే చోట పెట్టడానికి దిగాను. పావుగంట పట్టింది. తిరిగొచ్చేసరికి ట్యాబ్ వెలుగుతోంది, మా ఆవిడ చీటీల కట్ట నడుం దగ్గర దోపుకుంటోంది.

"ఏమైందండీ దీనికి?" అన్నాను.

ఆయన మా ఆవిడ వంక చూశాడు. "తేమండీ బావగారూ. బటన్ సందులోకి తేమ వెళ్ళింది. కృష్ణ ఒడ్డున ఊరు కదా, అంతా తేమే."

"చూశావా? తడి చేతుల్తో పట్టుకోవద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను" అన్నాను మా ఆవిడతో.

తను తలూపింది. అవును, నాదే తప్పు అన్నట్టు చెంపలేసుకుంది కూడా. రిపేరాయన తల వంచుకుని తన పనిలో పడ్డాడు.

మళ్ళీ ట్యాబ్ పాడవకూడదని నేనొక నియమం పెట్టుకున్నాను. ప్రతి శుక్రవారం కొట్టు తీయగానే దానికి గంధం, బొట్టు. "శుక్రవారం శుక్రవారం ఎందుకండీ. దసరాకి పెట్టారుగా. చాలు" అంది ట్యాబ్. "నీ మాట ఆగిపోతే బాధ నాకు తెలుసు, నీకేం తెలుసు" అన్నాను. తను మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

సంక్రాంతి లోపు ఇంకోసారి పాడైంది. శివరాత్రికి ఇంకోసారి. రెండుసార్లూ తనే ఒక్కతే వెళ్ళి బాగుచేయించుకొచ్చింది. "తేమే" అంది. రెండుసార్లూ నేను తిట్టాను. వంటింట్లో టవల్ వేలాడదీసి, చెయ్యి తుడుచుకోకుండా ట్యాబ్ ముట్టుకుంటే ఊరుకోనన్నాను. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాను. తను ప్రతిసారీ నా ఎదురుగా నిలబడి చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ తిప్పి చూపించి, అప్పుడు ముట్టుకునేది.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం. బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగించడానికి పటం వైపు తిరిగాను. వెలిగించి వెనక్కి చూస్తే మా ఆవిడ పరుపు మీద కూర్చుని, చీర కొంగు కొస సన్నగా మెలిపెట్టి, బటన్ మీద బొట్టు తుడిచేస్తోంది. ఒకసారి తుడిచి, కొంగు మార్చి, మళ్ళీ గట్టిగా రుద్దుతోంది.

నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. శుక్రవారం పూట. ముత్తైదువ. మొగుడు పెట్టిన కుంకుమని తన చేత్తో తుడవడం. మా అమ్మ చూసి ఉంటే ఇల్లు పీకి పందిరేసేది. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాను.

"నేను చావాలనే కదా తుడుస్తున్నావు! చెప్పు, అంతేనా?"

తను కాదు కాదని చెయ్యి ఊపి, ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని గబగబా టైపు చేసింది.

"అది కాదండీ" అంది ట్యాబ్, ఆ రైలు గొంతులో.

ఇంకా ఏదో టైపు చేస్తోంది. వేళ్ళు పరిగెడుతున్నాయి. అన్నిసార్లు చూసిన నేను ఆ ఒక్కసారి మొహం చూడలేదు. ట్యాబ్ లాక్కుని బొటనవేలితో బటన్ నొక్కాను. తెర నల్లబడింది. అయినా వదలకుండా, కసిదీరా ఇంకా నొక్కాను.

"అదీ లేదు, ఇదీ లేదు. నోరు ముయ్యి" అన్నాను.

దాన్ని సొరుగులో పడేశాను. మా ఆవిడ పెదాలు కదిలాయి. తర్వాత చీటీల కట్ట తీసి రాసి, నావైపు చాపింది. నేను గోడ వైపు తిరిగి, మడతపెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడతపెడుతూ కూర్చున్నాను. తను చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. నేను ఇటు తిరిగాను. కాసేపు చెయ్యి అలాగే చాపి ఉంచింది. తర్వాత చీటీ నలిపి చెత్తబుట్టలో వేసింది. సాయంత్రం నేనే కొట్టు ఊడ్చాను, ఆ చెత్త నేనే కింద పారబోశాను.

అప్పటికి కోపం దిగింది. ట్యాబ్ తీసి చూస్తే బటన్ లోపలికి దిగిపోయి ఉంది, పైకి రావడం లేదు. బొమ్మ రావడం, పోవడం. సోమవారం తీసుకెళ్దాంలే అన్నాను. సోమవారం కట్నాల చీరలకి పెద్ద బేరం వచ్చిందని మంగళవారం అన్నాను. పక్క కొట్టాయన "చెల్లెమ్మ గొంతు వినపడ్డంలేదే" అంటే "నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండనివ్వండి" అన్నాను. తను వింటూనే ఉంది. ఆ మాట ఆయన నవ్వుతాడని అన్నాను, ఆయన నవ్వాడు కూడా.

మంగళవారం జ్వరం వచ్చింది. బుధవారం తెల్లారేసరికి ఊపిరి అందడం లేదు. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. ఆసుపత్రిలో ఊపిరితిత్తులకి నెమ్ము పట్టిందన్నారు, లోపల గదిలో పెట్టారు. ఒక చేతికి సెలైను, రెండో చెయ్యి వాచిపోయి కలం నిలవడం లేదు. అమ్మాయి జంక్షన్ నుంచి పరుగున వచ్చి తన ఫోన్లో ఆ మాట్లాడేదాన్ని ఎక్కించింది గాని, చీమలంత అక్షరాలు ఆ వేళ్ళకి దొరకలేదు. అదే ట్యాబ్ అయితే ఇంతింత గళ్ళు, వేలు ఆనిస్తే చాలు. నేను బయట బెంచీ మీద కూర్చుని ట్యాబ్ బటన్ని గోరుతో పైకి లాగుతున్నాను. తడుతున్నాను. ముప్ఫై లెక్కపెడుతున్నాను. అరవై లెక్కపెడుతున్నాను. దండం కూడా పెట్టాను. బొమ్మ వచ్చేది, నా గుండె లేచేది. బొమ్మ పోయేది.

లోపలికి పిలిచినప్పుడు తను నన్ను చూసి పెదాలు కదిపింది. ఒక్కటే మాట, మళ్ళీ మళ్ళీ.

"నీళ్ళా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నొప్పా? అమ్మాయిని పిలవనా?" మళ్ళీ అడ్డంగా ఊపింది. "ఏంటే, నాకర్థం కావట్లేదే, ఇంకోసారి చెప్పవే" అని ఏడ్చాను. ఇంకోసారి చెప్పింది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ పెదాలు ఏం చెబుతున్నాయో చదవలేకపోయాను. ఇక పెదాలు మూసేసి, వాచిన చేత్తో నా చెయ్యి రెండుసార్లు తట్టింది. పోన్లెండి అన్నప్పుడు అలాగే తట్టేది.

గురువారం పొద్దున్న పోయింది.

పెడన నుంచి వచ్చిన బంధువులు పసుపు కుంకుమలతో పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చి బొట్టు పెట్టమన్నారు. పెట్టాను. కొంచెం కుంకుమ ముక్కు మీద రాలింది. ఎవరో తుడవబోతే వద్దన్నాను.

పదకొండో రోజు అయిపోయాక, మర్నాడు ట్యాబ్ సంచీలో వేసుకుని రిపేరు కొట్టుకి వెళ్ళాను. నాకు కావాల్సింది ఒక్కటే. "అది కాదండీ" తర్వాత తను ఏం టైపు చేస్తోంది? ఆ మాట నాకు కావాలి. తిట్టు అయినా సరే, శాపనార్థమైనా సరే.

"చెల్లెమ్మగారు రాలేదా?" అన్నాడాయన.

చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టేశాడు. తర్వాత ట్యాబ్ తీసుకుని, కంటికి అద్దం బిగించుకుని, బటన్ ఊడదీసి, సూదితో ఏదో గీకి ఒక తెల్ల కాగితం మీద వేశాడు. ఎర్రటి పెళ్ళలు.

"ఇదేంటి, తేమ ఇలా ఉంటుందా?" అన్నాను.

"తేమ కాదు బావగారూ. కుంకుమండి. గంధం తడితో లోపలికి దిగి గట్టిపడిపోయింది. బటన్ నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది. అలా ఉంటే ఇది ఆరడం, వెలగడం, ఆరడం, ఇంతే."

"మొదటిసారి కూడా ఇదేనా?"

"మూడుసార్లూ ఇదేనండి."

"మరి నాతో చెప్పి చావొచ్చు కదయ్యా!" అని అక్కడా అరిచాను. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఆయనకి కోపం రాలేదు. "చెల్లెమ్మగారు వద్దన్నారండి. మీరు స్కూటర్ తియ్యడానికి దిగినప్పుడు చీటీ రాసి చూపించారు. 'ఆయనతో తేమ అని చెప్పండి. నా కోసం పెట్టిన బొట్టు, తెలిస్తే కుమిలిపోతారు' అని."

వంటింట్లో నేను కట్టిన టవల్ గుర్తొచ్చింది. అరచేతులు తిప్పి చూపించడం గుర్తొచ్చింది. ఆరు నెలలు. తప్పు నాదని తెలిసీ, ఆరు నెలలపాటు తను పసిపిల్లలా చేతులు తుడుచుకుని నాకు చూపించింది.

ఆయన బటన్ శుభ్రం చేసి బిగించాడు. చార్జి పెట్టాడు. నొక్కాడు. బొమ్మ వచ్చింది. ఈసారి పోలేదు. మాట్లాడేది తెరిచి నా చేతికిచ్చి, టీ తాగొస్తానండీ అని కొట్టు మెట్ల మీదికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

అన్నిసార్లు ఆరిపోయినా, చివర రాసింది రాసినట్టే దాచుకుని ఉంది. పైన "అది కాదండీ." దాని కింద ఇంకో వాక్యం. కళ్ళు మసకబారి చదవలేకపోయాను. పచ్చ బటన్ తాకాను.

"అది కాదండీ. బొట్టు వెనకపక్క పెట్టండి. అక్కడైతే మీరు పెట్టింది పెట్టినట్టే" అంది ఆ గొంతు.

ఆ తర్వాత మాట లేదు. అక్కడే నేను బటన్ నొక్కాను.

చావాలనే కదా అని నేను అరుస్తుంటే, తను వెతుక్కుంటున్నది నన్ను నొప్పించకుండా చెప్పే దారి. బటన్ పాడవుతోందని కూడా అనలేదు. బొట్టు చెరగదని అంది. ఆసుపత్రిలో పెదాలతో చెప్పింది ఇదేనేమో, ఇంకేదోనేమో, నాకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. చెత్తబుట్టలోంచి నేను పారబోసిన చీటీ కూడా ఇదేనేమో.

ట్యాబ్‌ని నేను ఆర్పను. కొట్లో తన చోట్లో, పరుపు మీద, చార్జి వైరుతో ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళు రంగు పోతుందా అని అడిగితే నేను మూడో గడి మీద వేలు ఆనిస్తాను. "ఆయన్నడక్కండి" అంటుంది. తెలిసినవాళ్ళు నవ్వబోయి ఆగిపోతారు.

మొన్న దసరా వెళ్ళింది. ఏడాది తిరిగేదాకా మా ఇంట్లో పండగలు లేవు. కత్తెరకి పెట్టలేదు, గజం బద్దకి పెట్టలేదు, తాళాలకి పెట్టలేదు. ఈ ఏడు దేనికీ బొట్టు లేదు. ట్యాబ్ ఒక్క రోజు కూడా ఆగకుండా పనిచేస్తోంది.